వణుకు ఆగిపోయాక: చలికాలపు నడకలో కూలబడిన ఒక బీగిల్ కేసు

"దారిలో బాగా వణికింది డాక్టర్ గారూ. కాసేపటికి వణుకు ఆగిపోయింది. హమ్మయ్య, ఒంట్లో వేడి పుట్టిందనుకున్నాను."

కుక్కను కోటులో చుట్టి ఎత్తుకొచ్చిన పెద్దమనిషి గుమ్మంలోనే నాతో అన్న మాటలివి. వణుకు ఆగడాన్ని ఆయన మంచి సూచనగా తీసుకున్నారు. రెండు నిమిషాల తర్వాత నా థర్మామీటరు 32.6 డిగ్రీల సెల్సియస్ చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 38.3 నుంచి 39.2 మధ్య ఉంటుంది. కుక్కల్ని ప్రాణంగా చూసుకునే మనుషులు కూడా వణుకు విషయంలో సరిగ్గా ఇదే పొరపాటు పడుతుంటారు. ఈ కేసును వివరంగా రాయాలనుకోవడానికి అది ఒక కారణం. రెండో కారణం నా పొరపాటు. దాని గురించి తర్వాత చెబుతాను.

వచ్చిన కుక్క, ఆ ఉదయం జరిగింది

తొమ్మిదేళ్ళ ఆడ బీగిల్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇక్కడ దాన్ని లూసీ అంటాను, అసలు పేరు వేరు. బరువు 17.8 కిలోలు. రెండేళ్ళ క్రితం నా రికార్డులో అదే కుక్క బరువు 14.6 కిలోలు. పాత జబ్బులేమీ లేవు, మందులేమీ వాడడం లేదు.

లూసీని ఆయన ఎనిమిది చలికాలాలుగా రోజూ తెల్లవారగానే యాభై నిమిషాలు నడిపిస్తున్నారు. అదే దారి, అదే వేగం. ఆ ఉదయం బయట మైనస్ 11 డిగ్రీలు, గాలి గంటకు 30 కిలోమీటర్ల పైచిలుకు. బయలుదేరిన ఇరవై నిమిషాలకు, ఒక కుంట ఒడ్డున పైకి గట్టిగా కనిపిస్తున్న పలుచని మంచు పొర విరిగి, లూసీ ముందు కాళ్ళు, ఛాతీ, పొట్ట నీళ్ళలో మునిగాయి. ఆయన లీష్ పట్టి వెంటనే లాగేశారు. కుక్కను అందుకోవడానికి ఆ మంచు మీద అడుగు పెట్టలేదు. ఆ ఉదయం జరిగిన వాటిలో అన్నింటికన్నా సరైన పని అదేనని ఆయనతో కూడా చెప్పాను. కుక్కను కాపాడాలని మంచు మీదికి వెళ్ళి మునిగిపోయిన మనుషులున్నారు.

ఆ తర్వాత చేతి తొడుగుతో పైపైన తుడిచి, మిగతా దారి పూర్తి చేశారు. ముందుకెళ్ళినా వెనక్కి తిరిగినా ఇల్లు ఇంచుమించు అంతే దూరం. లూసీ ఒక్కో పాదాన్నీ పైకెత్తి నిలబడింది, రెండుసార్లు దారి మధ్యలో కూర్చుంది. మొండికేసిందనుకుని ఆయన లీష్ పట్టి లాగారు. గట్టిగా వణికింది. సుమారు పది నిమిషాల తర్వాత వణుకు ఆగింది. ఆపై నడక తూలింది, పిలిస్తే తల తిప్పలేదు. చివరి దూరం ఎత్తుకుని వచ్చి, నేరుగా కారులో నా దగ్గరికి తెచ్చారు. బయలుదేరినప్పటి నుంచి అప్పటికి గంటా పావు గడిచింది.

వణుకు అంటే కండరాలు వేడి పుట్టించడానికి చేసే పని. దానికి ఇంధనం కావాలి, దాన్ని నడిపించే మెదడు చురుగ్గా ఉండాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత పడిపోతున్న కొద్దీ ఈ రెండూ కుంటుపడతాయి. దాదాపు 34, 31 డిగ్రీల మధ్య ఎక్కడో వణుకు ఆగిపోతుంది. కుక్కను బట్టి ఆ గీత మారుతుంది. వెచ్చబడిన కుక్క కూడా వణకడం మానేస్తుంది, నిజమే. కానీ అది చురుగ్గా నడుస్తుంది, పిలిస్తే చూస్తుంది, తోక ఆడిస్తుంది. చలిలోనే ఉండి, వణుకు ఆగి, మందకొడిగా మారిన కుక్క ప్రమాదంలో ఉందని అర్థం. అక్కడినుంచి ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు.

పరీక్షలో కనిపించింది

గుండె నిమిషానికి 64 సార్లు కొట్టుకుంటోంది. అంత చలిలో, అంత శ్రమ తర్వాత, ఆ పరిమాణం కుక్కకు అది చాలా తక్కువ. శ్వాస 12. తొడ లోపల నాడి బలహీనంగా ఉంది. చిగుళ్ళు పాలిపోయాయి, వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లకు పైగా పట్టింది. పొట్ట కింది బొచ్చు చర్మానికి అంటుకుని తడిగా ఉంది. రెండు చెవుల అంచులూ తెల్లగా, చల్లగా ఉన్నాయి. ఎడమ చెవి అంచు తాకితే కాస్త గట్టిగా కూడా ఉంది. వేళ్ళ సందుల్లో వెంట్రుకలకు శనగగింజలంత మంచు ఉండలు పట్టుకున్నాయి. అరికాలి మెత్తలు ఎర్రగా, పగుళ్ళతో ఉన్నాయి, వాటిమీద తెల్లటి పొడి ఎండిపోయి ఉంది.

రక్తంలో గ్లూకోజు 64, కాస్త తక్కువ. సోడియం 149, మూత్రపిండాల పరీక్షలు మామూలుగా ఉన్నాయి. రక్తంలో ఎర్ర రక్తకణాల వాటా 34 శాతం. స్వల్ప రక్తహీనత అన్నమాట. చలికీ దీనికీ సంబంధం లేదు. ఆ అంకె కింద గీత గీసి పక్కన పెట్టాను.

ముందు తేల్చుకోవాల్సిన అనుమానం

చలికాలంలో తూలుతూ, మందకొడిగా వచ్చిన కుక్క ఏదైనా సరే, నా మనసులో మొదట మెదిలేది యాంటీఫ్రీజ్. ఇంజిన్లలో పోసే ఆ ద్రవంలో చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్క నేలమీది మడుగును నాకేస్తుంది. తొలి గంటల్లో మత్తులో ఉన్నట్టు తూలుతుంది, శరీర ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది. తర్వాత కోలుకున్నట్టు కనిపించి, ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. విరుగుడు మందు తొలి కొన్ని గంటల్లో పడితేనే కాపాడగలం. చలి వల్లే ఇదంతా అనుకుని దుప్పటి కప్పి కూర్చుంటే ఆ గంటలు చేజారిపోతాయి.

దారిలో ఏమైనా నాకిందా అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, కార్లు ఆపే చోట ఒక మడుగు దగ్గర ఆగిందని చెప్పారు. ఆ మాటతో ఇథిలీన్ గ్లైకాల్ రక్త పరీక్ష వెంటనే చేశాం. లేదని తేలింది. రక్తంలో ఆమ్లత్వం, అయాన్ల తేడా కూడా ఆ విషానికి సరిపోలలేదు. మూత్రంలో ఆక్సలేట్ స్ఫటికాలు లేవు. అయితే కుక్కల్లో అవి కనబడటానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, మొదటి గంటలో అవి లేవని నేను ధైర్యం తెచ్చుకోలేదు. ఆరు గంటలకు మళ్ళీ చూశాం, అప్పుడూ లేవు. మధుమేహం, తలకు దెబ్బ, మూర్ఛ వంటివి చరిత్రనుబట్టి, పరీక్షనుబట్టి పక్కకు పోయాయి. మిగిలింది హైపోథెర్మియా, అంటే చలికి ఒంటి ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోవడం, మధ్యస్థ స్థాయికి దగ్గరగా ఉన్నది.

వెచ్చబరచడం

తడి బొచ్చును ముందుగా ఆరబెట్టాం. గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడి కుక్క మీద ఎన్ని దుప్పట్లు కప్పినా లోపల చలి కొనసాగుతూనే ఉంటుంది. ఆ తర్వాత వెచ్చని గాలి నింపే దుప్పటిని ఛాతీ, పొట్ట చుట్టూ మాత్రమే చుట్టాం. కాళ్ళను వదిలేశాం. చూసేవారికి ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే మంచులా ఉన్నవి కాళ్ళే. కానీ కాళ్ళను ముందు వేడి చేస్తే అక్కడి రక్తనాళాలు తెరుచుకుని, చల్లటి రక్తం ఒక్కసారిగా గుండె వైపు పరుగెడుతుంది. రక్తపోటు కూలుతుంది, లోపలి ఉష్ణోగ్రత మరింత దిగుతుంది. ఇంత జాగ్రత్త పడినా మొదటి ఇరవై నిమిషాల్లో లూసీ ఉష్ణోగ్రత 32.6 నుంచి 32.3కు దిగింది. ఈ దిగుదల ముందే ఊహించినదే అయినా, ఆ ఇరవై నిమిషాలూ నేను ఈసీజీ తెర మీదినుంచి చూపు తిప్పలేదు. చల్లబడిన గుండె చిన్న కుదుపుకు కూడా లయ తప్పుతుంది. అందుకే దాన్ని అటూ ఇటూ దొర్లించకుండా, అవసరమైనప్పుడే నెమ్మదిగా కదిపాం.

సెలైన్ వెచ్చచేసి ఎక్కించాం, అందులో కొంత గ్లూకోజు కలిపాం. ఆక్సిజన్ పెట్టాం. గంటకు ఒకటి నుంచి రెండు డిగ్రీల చొప్పున పెరగాలన్నది మా లక్ష్యం. రెండో గంటలో 34.1 దగ్గర లూసీ మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డారు. ఇప్పుడు వణకడం మంచిదని, దాని శరీరం పని అందుకుందని చెప్పి కూర్చోబెట్టాను. నాలుగున్నర గంటలకు 37.1 చేరింది. అక్కడ వేడిని ఆపేశాం, మిగతాది శరీరమే పూర్తి చేసుకుంది. గుండె వేగం 96కు పెరిగింది, చిగుళ్ళకు గులాబీ రంగు వచ్చింది.

ఆయన కారులో సీటుకు బిగించే వేడి ప్యాడ్ ఒకటుంది. దాన్ని నేరుగా లూసీ ఒంటికి ఆనించి తీసుకురాబోయి, ఎందుకో మానుకున్నారట. మానుకోవడం మేలైంది. చలికి చర్మంలోని రక్తనాళాలు మూసుకుపోతాయి. తగిలిన వేడిని పక్కకు మోసుకుపోయే రక్తం అక్కడ ఉండదు. స్పృహ మందగించిన కుక్క పక్కకు జరగదు. కాలిన గాయం రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. ఇంట్లో చేయవలసింది ఆరబెట్టడం, పొడి దుప్పటి చుట్టడం, వేడినీళ్ళ సీసా ఉంటే మందపాటి తువ్వాలు చుట్టి పొట్ట పక్కన పెట్టడం, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకురావడం.

చెవులు, పాదాలు

చెవుల అంచులకు 40 డిగ్రీల నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ పెట్టాం. రుద్దలేదు. గడ్డకట్టిన కణజాలాన్ని రుద్దితే లోపలి సన్నని స్ఫటికాలు కణాలను చీరేస్తాయి. వెచ్చబడేటప్పుడు నొప్పి తీవ్రంగా ఉంటుంది కాబట్టి ముందే ఓపియాయిడ్ జాతి నొప్పి మందు ఇచ్చాం. రక్తప్రసరణ ఇంకా కుదుటపడని కుక్కకు వాపు తగ్గించే మామూలు నొప్పి మందులు ఇస్తే మూత్రపిండాలకు హాని. ఇంట్లో ఉన్న మాత్రలు వేయాలనుకునే వారికి ఈ మాట గట్టిగా చెబుతాను.

కుడి చెవి రెండు రోజుల్లో ఎర్రబడి కోలుకుంది. ఎడమ చెవి అంచున ఐదో రోజుకు నాలుగు మిల్లీమీటర్ల నల్లటి గీత తేలింది. కత్తిరించేయమని ఆయన అడిగారు. ఇలా చలికి కణజాలం గడ్డకట్టే ఫ్రాస్ట్‌బైట్‌లో ఏది బతికింది, ఏది చనిపోయింది అన్నది తేలడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. తొందరపడితే బతికే భాగాన్ని కూడా కోసేస్తాం. ఆగాం. మూడో వారంలో ఆ అంచు ఎండి దానంతటదే రాలిపోయింది.

పాదాల సంగతి వేరు. కుక్క పాదం చలికి ఎలా తట్టుకుంటుందో 2011లో జపాన్ పరిశోధకులు అరికాలి మెత్తల్లోని రక్తనాళాల అమరికను పరిశీలించి వివరించారు. కిందికి వెళ్ళే వెచ్చటి రక్తం, పైకి వచ్చే చల్లటి రక్తం పక్కపక్కనే ప్రవహించి వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. దాంతో మెత్తలు గడ్డకట్టవు, ఒంటి వేడీ వృథా కాదు. కుక్కలు మంచు మీద నిలబడగలగడానికి కారణం అది. అయితే ఆ ఏర్పాటు ఉప్పును ఆపలేదు. దారుల్లో మంచు కరిగించడానికి చల్లే మామూలు ఉప్పు మైనస్ 10 దరిదాపుల్లో సరిగా పనిచేయదు. అందుకని మరింత చలి రోజుల్లో కాల్షియం క్లోరైడు వాడతారు. అది నీటిలో కరిగేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది, పగిలిన మెత్తల్లోకి దిగితే మంట పుట్టిస్తుంది. లూసీ పాదాలెత్తి నిలబడింది ఆ మంటకు కూడా. గోరువెచ్చని నీళ్ళలో పాదాలను నానబెట్టి, మంచు ఉండలను లాగకుండా కరిగించి, వేళ్ళ మధ్య పూర్తిగా ఆరబెట్టి, నాకకుండా మెడకు ప్లాస్టిక్ కాలర్ పెట్టాం. పాదాలు నాకడం వల్ల ప్రాణాపాయమంత ఉప్పు కడుపులోకి పోవడం అరుదు. నోరు పుళ్ళు పడడం, వాంతులు, విరేచనాలు మాత్రం మామూలే.

ముప్పై గంటల తర్వాత లూసీ తన కాళ్ళతో నడిచి ఇంటికి వెళ్ళింది.

అసలు ప్రశ్న

ఎనిమిది చలికాలాలు అదే దారిలో, అదే చలిలో, ఏమీ కాని కుక్కకు ఇప్పుడెందుకు ఇలా అయింది? తడవడం ఒక కారణం. గాలి ఒక కారణం. అమెరికా, కెనడా 2001లో సవరించిన గాలి చలి లెక్క ప్రకారం ఆ ఉదయపు చలి మనిషి ముఖానికి దాదాపు మైనస్ 21లా తగులుతుంది. ఆ లెక్క బట్టతో కప్పని మనిషి ముఖం కోసం కట్టింది, బొచ్చున్న వీపుకు వర్తించదు. కానీ తడిసిన పొట్టకు, పలుచని చెవులకు బొచ్చు రక్షణ ఎక్కడిది? అయినా, ఇవి నాకు సరిపోలేదు. అంతకుముందూ లూసీ తడిసిందని, గాలిలో నడిచిందని ఆయనే చెప్పారు.

గీత గీసి పక్కన పెట్టిన ఆ 34 శాతం దగ్గరికి తిరిగి వచ్చాను. బరువు పెరగడం, స్వల్ప రక్తహీనత, నెమ్మదైన గుండె. మళ్ళీ తడిమి చూస్తే తోక మీద బొచ్చు పలుచబడి ఉంది, పక్కటెముకల దగ్గర చర్మం మొద్దుగా ఉంది. ఏడాదిగా ఎలా ఉందని అడిగితే ఆయన, "ముసలిదైపోతోంది కదండీ. ఎప్పుడూ హీటర్ దగ్గరే పడుకుంటుంది. నడకలో వెనకబడుతుంది" అన్నారు. థైరాయిడ్ గ్రంథి మందగించిన కుక్క బొమ్మ ఇంతకన్నా స్పష్టంగా ఉండదు. బీగిల్ జాతిలో ఈ జబ్బు తరచుగా కనిపించేదే.

పరీక్ష మాత్రం ఆ రోజు చేయలేదు. తీవ్రంగా జబ్బుపడిన కుక్కలో థైరాయిడ్ ఆరోగ్యంగా ఉన్నా రక్తంలో దాని హార్మోను టీ4 తక్కువగానే కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మి జీవితాంతం మందు మొదలుపెట్టడం తప్పు. మూడు వారాలు ఆగి చేశాం. టీ4 0.4, ఉండాల్సిన కనీసం 1.0. దాన్ని ప్రేరేపించే టీఎస్‌హెచ్ 1.1, ఉండాల్సిన గరిష్ఠం 0.6. పరగడుపున కొలెస్టరాల్ 480, అదీ ఎక్కువే. సందేహం మిగలలేదు.

థైరాయిడ్ హార్మోను తక్కువైతే శరీరం పొయ్యి సన్నమంట మీద మండుతున్నట్టే. విశ్రాంతిలో పుట్టే వేడి తగ్గుతుంది, బొచ్చు పలుచబడుతుంది. పెరిగిన కొవ్వు చలికి కాస్త అడ్డుపడినా ఈ లోటును పూడ్చలేదు. లూసీ ఏడాదిగా హీటర్ పక్కన పడుకుంటూ చెబుతున్నది అదే. దాని శరీరం మారింది, నడక మాత్రం ఎనిమిదేళ్ళ క్రితం ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇప్పుడు నా పొరపాటు. దీనికి నాలుగు నెలల ముందు లూసీ టీకా కోసం నా దగ్గరికి వచ్చింది. బరువు తూచాను, పెరిగిందని రాశాను, తిండి తగ్గించమని చెప్పి పంపాను. తిండి మారకుండా బరువు ఎందుకు పెరిగిందని అడగలేదు. అడిగి ఉంటే "హీటర్ దగ్గర పడుకుంటోంది" అన్న మాట అప్పుడే వినేవాణ్ణి. ఆ రోజు తీయవలసిన ఒక్క రక్తపు చుక్క ఈ కేసును అడ్డుకుని ఉండేదని నమ్ముతున్నాను. అప్పటినుంచి చలికాలం ముందు వచ్చే ప్రతి ఏడేళ్ళు దాటిన కుక్క విషయంలోనూ ఆ ప్రశ్న వేస్తున్నాను: నిరుటికంటే వెచ్చటి చోటు ఎక్కువగా వెతుక్కుంటోందా?

నడకను మళ్ళీ కట్టడం

తగ్గిన హార్మోను లోటు తీర్చే లీవోథైరాక్సిన్ మాత్ర పన్నెండు గంటలకొకసారి 0.3 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. పెరిగిన బరువును కాక, ఉండాల్సిన బరువును లెక్కలోకి తీసుకున్నాం. నడక మానమని నేను చెప్పలేదు. బీగిల్‌ను నాలుగు నెలలు ఇంట్లో కట్టేస్తే బరువు, కీళ్ళు, మనసు అన్నీ పాడవుతాయి. యాభై నిమిషాలను మూడు చిన్న నడకలుగా విడగొట్టాం, ఒక్కొక్కటి పన్నెండు పదిహేను నిమిషాలు, పెద్దది మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు. ఏ క్షణంలోనైనా ఇల్లు ఐదారు నిమిషాల దూరంలోనే ఉండేలా ఇంటి చుట్టూ తిరిగే దారి ఎంచుకోమన్నాను. నా దృష్టిలో ఇది అన్నింటికన్నా ముఖ్యం. వెనక్కి తిరిగినా ముందుకెళ్ళినా ఒకే దూరం అన్న ఇరకాటమే ఆ ఉదయం ఆయన చేతులు కట్టేసింది.

వీపును మాత్రమే కప్పే కోటు బీగిల్‌కు పనికిరాదు. దాని పొట్ట నేలకు దగ్గర, తడిసేది అదే. మెడ, ఛాతీ, పొట్ట కప్పేది కావాలి, తడిస్తే మార్చడానికి రెండోది ఉండాలి. వేళ్ళ సందుల్లోని వెంట్రుకలను మెత్తల మట్టానికి కత్తిరించాం, మంచు ఉండ పట్టడానికి ఆధారం లేకుండా. పాదాల మెత్తలకు మైనం పలుచగా రాయడం, తిరిగి రాగానే గుమ్మంలోనే గోరువెచ్చని తడిగుడ్డతో పాదాలు, పొట్ట తుడిచి ఆరబెట్టడం నేర్పించాను. నీటి ఒడ్డున పొట్టి లీష్.

ఎన్ని డిగ్రీల వరకు వెళ్ళొచ్చని ఆయన అడిగారు. చాలామంది అడుగుతారు. సున్నా దిగితే చిన్న, ముసలి, బక్కచిక్కిన, జబ్బున్న కుక్కల విషయంలో అప్రమత్తంగా ఉండాలని, మైనస్ 7 దిగితే ఏ కుక్క విషయంలోనైనా సమయం తగ్గించాలని చెబుతాను. కానీ ఆ అంకెల కంటే ఎక్కువగా నమ్మమని చెప్పేది కుక్కనే. పాదం ఎత్తి పట్టుకోవడం, వెనక్కి తిరిగి ఇంటివైపు చూడడం, వేగం తగ్గడం, కూర్చోవడం, వణుకు. వీటిలో మొదటిది కనబడగానే తిరిగి రావాలి, రెండోదాని కోసం ఆగకూడదు. మధ్యలో ఒకసారి చేతి తొడుగు తీసి చెవి అంచు, వేళ్ళ సందు తాకి చూడాలి.

తర్వాతి సంగతి

ఆరు వారాలకు, మాత్ర వేసిన ఐదో గంటలో టీ4 చూస్తే 3.1. నాలుగు నెలలకు బరువు 15.9 కిలోలు, రక్తహీనత పోయింది, తోకకు బొచ్చు వచ్చింది. తర్వాతి చలికాలంలో ఒకరోజు ఆయన ఫోను చేశారు. మైనస్ 9లో బయలుదేరితే పదకొండో నిమిషంలో లూసీ ఎడమ ముందు పాదం ఎత్తిందట, ఆయన వెంటనే వెనక్కి తిరిగారట. ఇంటికి వచ్చి ఉష్ణోగ్రత చూస్తే 38.5.

బూట్ల విషయంలో పూర్తిగా గెలవలేదు. ఇంట్లో రోజూ కొద్దిసేపు వేసి అలవాటు చేస్తే ముందు కాళ్ళకు ఒప్పుకుంది. వెనుక కాళ్ళకు వేస్తే నిలబడ్డ చోటునుంచి ఇప్పటికీ కదలదు. వాటికి మైనం, తడిగుడ్డతోనే సరిపెడుతున్నాం. మెత్తల మీద కొత్త పగుళ్ళు ఇప్పటివరకు కనబడలేదు.